ఎనిమిదో రోజు జ్వరం

"నూకయ్యకి విషం పెట్టావా?"

అడిగి, గడియారం చూసుకున్నాను. ఎనిమిదీ ఇరవై. అబద్ధం చెప్పే మనిషి జవాబుకి ముందు రెండు మూడు సెకన్లు తీసుకుంటాడు. రైల్వే క్లెయిమ్స్ ఇన్‌స్పెక్టరుగా పద్దెనిమిదేళ్లు, పోయిన మూటల వెనక తిరిగి నేర్చుకున్న విద్య ఇది. ఉద్యోగం వదిలి ఖరగ్‌పూర్‌లో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాక కూడా నేను నమ్మేది ఆ గడియారాన్నే. దాలమ్మ ఒక్క సెకను కూడా తీసుకోలేదు.

"పెట్టీదాన్నయితే పెళ్లయిన కొత్తలోనే పెట్టుదును బావూ. ఇరవై నాలుగేళ్లు ఎందుకు ఆగుతాను?"

లాకప్ కమ్మీల అవతల గోడకి ఆనుకుని, కాళ్లు ముడుచుకుని కూర్చుంది. నలభై రెండేళ్ల మనిషి అరవై ఏళ్లదానిలా కనిపించింది. పెదవులు తెల్లబడి ఉన్నాయి. మొగుడు పోయి మూడు రోజులు, అందులో రెండు రోజులు ఈ గదిలో. ఎవరైనా అలాగే ఉంటారనుకున్నాను.

సంగతి ఇదీ. దాలమ్మ భర్త నూకయ్య రైల్వే వర్క్‌షాపులో కమ్మరి. ఈ సెప్టెంబరు నాలుగో తేదీ మంగళవారం, కడుపులో పుండు పగిలి రక్తం కక్కుకుంటే ఖరిదాలోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ తర్వాత జ్వరం వచ్చింది. ఒళ్లంతా ఎర్రగా కమిలి తోలు ఊడింది, విరేచనాలు పట్టుకున్నాయి, కళ్లు పచ్చబడ్డాయి, చివరికి ఒంట్లో రక్తం తయారవడమే ఆగిపోయింది. ఇరవై నాలుగున పోయాడు. మర్నాడే దాలమ్మని అరెస్టు చేశారు. ఆ సాయంత్రం వాళ్ల ఒక్కగానొక్క కొడుకు వెంకటరావు మా గుమ్మంలో నిలబడ్డాడు. ఇరవై రెండేళ్లవాడు, తండ్రి పనిచేసిన షాపులోనే ఖలాసీ.

"మాయమ్మని ఇడిపించండి బావూ. మా నాన్నని ఎవులు సంపినారో నాకు సూపించండి" అన్నాడు.

రెండూ చేస్తానని మాటిచ్చాను. అలా మాటివ్వడం నాకున్న చెడ్డ అలవాట్లలో ఒకటి.

"ఆస్పత్రికి నువ్వు ఏం పట్టుకెళ్లేదానివి?" అని దాలమ్మని అడిగాను.

"గంజి. ఇంకేటి? డాక్టరు పెట్టమన్న కాడినుంచి పూటకో గిన్నెడు."

"తాగగా మిగిలింది?"

"నానే తాగీదాన్ని. పారబోస్తానేటి?"

"నీకు కడుపులో నొప్పి గానీ, వాంతులు గానీ?"

"నేదు."

"గడ్డి చంపే మందు డబ్బా నీ పొయ్యిగట్టు కింద ఎందుకుంది?"

"ఆయన స్నేహితుడు లైను మీద పని సేస్తాడు. పట్టాల మధ్యన పోసే మందు. పెరట్లో గెడ్డికని ఆయనే తెచ్చినాడు. పైన పెడితే పిల్లులు తోసేస్తాయని కింద పెట్టినాను."

"నీకు సావు రాదేటి అని అరిచావట. పక్క క్వార్టరువాళ్లు చెప్పారు."

ఈసారి ఆగింది. కానీ అబద్ధం కోసం కాదు. "తాగొచ్చినప్పుడల్లా అరిసీదాన్ని. మొగుడవకముందు ఆయన నాకు మావయ్య బావూ. మాయమ్మకి తమ్ముడు. ఎత్తుకుని తిప్పినోడు. ఆయన్ని నాను తిట్టకపోతే ఎవులు తిడతారు?"

పుస్తకం మూసి లేచాను. ఆవిడ లేవలేదు, చీర కుచ్చెళ్లు ఇంకా దగ్గరికి లాక్కుంది.

"ఒక్క మాట బావూ. ఈడ ఆడ కానిస్టేబులు ఒక్కరూ నేదేటి?"

"లేరు. ఏం?"

"ఏటీ నేదు. ఎల్లిరండి."

మగాళ్ల మధ్య ఉండలేక అడిగిందనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

*

ఇన్‌స్పెక్టర్ పరిమళ్ మైతీ తన బల్ల దగ్గర మట్టి ముంతలో టీ తాగుతున్నాడు. మా తెలుగు పిల్లలతో గోలీలాడి పెరిగిన బెంగాలీ. తెలుగు బాగానే వస్తుంది, మర్యాదే రాదు. అందరూ నన్ను రావుగారూ అంటే అతనొక్కడు నగర్ బాబూ అంటాడు.

"ఏటి నగర్ బాబూ, సుబహ్ సుబహ్, ఇంత పొద్దున్నే వచ్చినావు? పలాస జీడిపప్పు బస్తా ఏదైనా పోయిందా?"

ఈ జోకు అతను నాలుగేళ్లుగా వేస్తున్నాడు. నాలుగేళ్లుగా నాకు ఒకేలా మండుతోంది.

"దాలమ్మని వదిలెయ్యి. ఆమె చేసింది కాదు."

"చర్మం ఊడింది. విరేచనాలు. రక్తం పడిపోయింది. ఏ డాక్టర్ పుస్తకం తీసినా ఒకటే మాట, ఆర్సెనిక్. ఆమె పొయ్యి కింద డబ్బాలో ఏముంది? ఆర్సెనిక్. నీకు ఇంకా ఏటి కావాల?"

"టైము కావాలి. విషం ఏ రోజున, ఏ గంటకి లోపలికి వెళ్లింది?"

"రోజూ వెళ్లింది. గంజిలో."

"ఆ గంజి మిగిలితే ఆవిడే తాగింది."

"అని ఆమె చెప్తాది" అన్నాడు మైతీ. ముంత కిటికీలోంచి బయటికి విసిరాడు. "పేగులు, లివర్ కలకత్తా ల్యాబ్‌కి పంపినాను. రిపోర్టుకి మూడు వారాలు. రిమాండ్ రేపటితో ఖతమ్. రేపు పొద్దున్న ఆమె మేదినీపూర్ జైలుకి వెళ్తాది. హత్యలు మా పని నగర్ బాబూ. నువ్వు మూటలు చూసుకో."

"మధ్యాహ్నం లోపల వస్తాను. నీ కేసు నీ బల్ల మీదే చింపి పోస్తాను."

"ఠీక్ హై. టీ కూడా ఇస్తాను" అని నవ్వాడు.

ఆ నవ్వు నా వెంటే వచ్చింది. ఆ పూటంతా నేను చేసిన ప్రతి పనిలోనూ ఆ నవ్వుకి వాటా ఉంది. ఇది నాకు నేను చెప్పుకోవాల్సిన సంగతి కనుక ఇక్కడే రాస్తున్నాను.

*

తొమ్మిదీ నలభైకి నర్సింగ్ హోమ్‌లో ఉన్నాను. మంచాలు పన్నెండే. వాటి మీద హెడ్ నర్సు ఎమిలీది నిరంకుశ ప్రభుత్వం. రైల్వే కాలనీ తెలుగు క్రైస్తవుల పిల్ల, పెళ్లి చేసుకోలేదు, నవ్వగా ఎవరూ చూడలేదు. నూకయ్య ఉన్న ఐదో నంబరు గది తాళం తీసింది.

మంచం, గోడ అల్మరా, మూత ఉన్న గ్లాసు, కిటికీకి ఇనుప జాలీ. జాలీలోంచి వేలు కూడా దూరదు. అల్మరాలో ఏమీ లేదు. మంచం కింద వంగి చూస్తే ఎండిన తోలు పొరలు రెండు, గోరంత వెడల్పువి, కాలు వైపు కోడుకి అంటుకుని ఉన్నాయి. మనిషి తోలు. ఎమిలీ వాటిని చూసి సిలువ గుర్తు వేసుకుంది.

"ఊడ్చిందెవరో వాళ్ల పని చెబుతాను" అంది.

"ముందు మీ చార్టు ఇవ్వండి. జ్వరం మొదటిసారి ఎప్పుడు?"

"పదకొండో తేదీ మంగళవారం, సాయంత్రం నాలుగింటికి. నూటొకటి. అంతకుముందు వారం రోజులూ మామూలే సార్. మంచం దిగి నడిచాడు కూడా. ఆపరేషన్ రోజుని కలుపుకుంటే అది ఎనిమిదో రోజు."

"ఒంటి మీద ఎరుపు?"

"పన్నెండున. చెవుల వెనక, అరచేతుల్లో, అరికాళ్లలో మొదలైంది. అక్కణ్ణుంచి ఒళ్లంతా పాకింది. విరేచనాలు పద్నాలుగు నుంచి."

"ఇంటి భోజనం ఎప్పుడు మొదలైంది?"

ఎమిలీ ఇంకో పుస్తకం తెచ్చింది. డైటు పుస్తకం. ఆవిడ పాలనలో రోగి నోట్లోకి ఏది వెళ్లినా అందులో సంతకం ఉండాలి.

"కడుపు కోసిన కేసు. మూడు రోజులు సెలైన్ మాత్రమే. తర్వాత మా వంటింట్లో కాచిన బార్లీ, నా చేత్తో. కొడుకు కొబ్బరిబోండాం తెస్తే గేటు దగ్గరే ఆపేశాను. ఇంటి గంజికి డాక్టరుగారు పదమూడున ఒప్పుకున్నారు. ఇదిగో."

సెప్టెంబరు పదమూడు, పన్నెండున్నర. గంజి ఒక గిన్నె. పక్కన దాలమ్మ వేలిముద్ర.

నేను ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి రెండుసార్లు చూశాను. పదకొండు సాయంత్రం నాలుగింటికి జ్వరం. పదమూడు మధ్యాహ్నం మొదటి గంజి. దాలమ్మ గంజి ఆ గది గడప దాటడానికి నలభై నాలుగున్నర గంటల ముందే చావు లోపలికి వచ్చి కూర్చుంది. మైతీ చార్టులో చివరి పేజీ మాత్రమే చదివి ఉంటాడు.

"ఇంజక్షన్లు?" అన్నాను.

"అవే పెట్టెల్లోవి మిగతా మంచాలవాళ్లకీ ఇచ్చాం. అందరూ నడిచి ఇళ్లకి వెళ్లారు."

"అయితే నూకయ్య ఒక్కడికే ఇచ్చి, ఇంకెవరికీ ఇవ్వనిది ఏదైనా ఉందా?"

ఎమిలీ ఆలోచించింది. "రక్తం. ఆపరేషన్ రోజున ఒక సీసా."

రక్తం పుస్తకంలో నాలుగో తేదీ పేజీ తీసింది. అందులో రెండు వరసలున్నాయి. బ్లడ్ బ్యాంకు నుంచి సీసా వచ్చిన టైము తొమ్మిదీ పది. అదే సీసా వాడకుండా వెనక్కి వెళ్లిన టైము తొమ్మిదీ నలభై.

"ఎందుకు వెనక్కి పంపారు?"

"వాళ్లు ఒప్పుకోలేదు సార్. దాలమ్మ తల్లి, ఆ నూకాలమ్మగారు, గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఏ కులపోడిదో, ఏ తాగుబోతుదో, ఐసుపెట్టెలో వారం రోజులు పడున్న నెత్తురు మావోడికి ఎక్కించొద్దు, మా గుంటడున్నాడు, మా నెత్తురే వేడిగా ఎక్కించండి అని ఒకటే గోల. ఇక్కడ పదిమందిలో తొమ్మిదిమంది అంతే. సొంత మనుషులది అయితేనే ఒంటికి పడుతుందని నమ్మకం. డాక్టరుగారికి వాదించే టైము లేదు. పదీ పదిహేనుకి వెంకటరావు ఇచ్చాడు. పదీ ముప్పైఐదుకి ఎక్కించాం. సీసా పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది."

"గ్రూపు తప్పిందేమో?"

ఎమిలీ నా వైపు చూసిన చూపుకి వేరే ఎవరైనా అయితే క్షమాపణ చెప్పేవారు. "రెండుసార్లు చూశాను. ముగ్గురిదీ ఓ పాజిటివే, తల్లిదీ తండ్రిదీ కొడుకుదీ. కలిపి చూస్తే చక్కగా కలిసింది. తప్పు రక్తం ఎక్కితే గంటలో వణుకు వస్తుంది సార్, ఎనిమిదో రోజు దాకా ఆగదు."

డైటు పుస్తకంలో ఆ పేజీ నకలు రాయించి, సంతకం పెట్టించుకున్నాను. దాలమ్మ విడుదలకి ఆ కాగితం చాలు. కానీ నేను కొడుక్కి రెండు మాటలిచ్చాను. నూకయ్య తోలు ఎందుకు ఊడిందో నాకు ఇంకా తెలియదు.

*

పదిహేనో రోజున నర్సింగ్ హోమ్ డాక్టరు నూకయ్య చర్మం ముక్కా, ఎముకలోని మూలుగూ తీసి డాక్టర్ తాయారు గారికి పంపాడని ఎమిలీ చెప్పింది. మలంచా రోడ్డులో ఆవిడకి చిన్న ల్యాబు ఉంది. పదీ ముప్పైఐదుకి చేరాను. అరవయ్యేళ్ల మనిషి. ఒకప్పుడు కలకత్తాలో ఆరేళ్లు తెల్ల ఎలుకల మీద పరిశోధన చేసి, ఎవరితోనో పోట్లాడి వచ్చేసింది. ఎవరితో పోట్లాడిందని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే నాతోనూ పోట్లాడుతుంది.

"ఆర్సెనిక్ కాదు" అంది, నేను కూర్చోకముందే. "మీ ఇన్‌స్పెక్టరుకి చెప్పాను. సైంటిస్టులు మాట్లాడతారు, సాక్ష్యం ఇవ్వరు అన్నాడు. ఇలా రండి, ఇందులో కన్ను పెట్టండి."

మైక్రోస్కోపులో ఎర్రటి గోడ ఒకటి కనిపించింది. గోడ అడుగు వరసలో కణాలు చితికి ఉన్నాయి. చితికిన ప్రతిదాని పక్కనా నల్లటి గుండ్రని చుక్క.

"అది నూకయ్య చర్మం. ఆ నల్ల చుక్కలు లింఫోసైట్లు. రక్తంలో తిరిగే కాపలావాళ్లు. పరాయిది కనిపిస్తే గుర్తుపట్టి చంపడం వాటి పని."

"మరి నూకయ్య కాపలావాళ్లు నూకయ్య చర్మాన్నే ఎందుకు చంపారు?"

"నూకయ్యవి అయితే చంపవు" అంది తాయారు గారు.

మళ్లీ కన్ను పెట్టి ఆ చుక్కలే చూశాను.

"అంటే, ఎక్కించిన రక్తంలో వచ్చినవా?"

"అదే నా అనుమానం. ఎలుకల్లో చూశాను." ఆవిడ కాగితం మీద ఎర్ర పెన్సిలుతో రెండు గీతలు, నీలం పెన్సిలుతో రెండు గీతలు గీసింది. "ప్రతి ప్రాణికీ కణాల మీద రెండు గుర్తులుంటాయనుకోండి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఈ ఎలుక ఎరుపు ఎరుపు. ఇది నీలం నీలం. వీటికి పుట్టిన పిల్ల ఎరుపు నీలం. ఎర్ర ఎలుక కణాలు తీసి ఈ పిల్లకి ఎక్కించాను. పిల్ల వాటిని పరాయివనుకోదు, ఎరుపు తనకీ ఉంది కదా. లోపలికి రానిస్తుంది. కానీ వచ్చినవాటికి నీలం తెలియదు. పిల్ల ఒళ్లంతా నీలమే వాటికి. వారం రోజులు చప్పుడు చెయ్యవు, పెరుగుతాయి. ఆ తర్వాత చర్మం, పేగులు, లివరు, మూలుగ. మూడు వారాల్లో పిల్ల ఎండిపోయి చచ్చేది."

"నూకయ్య కూడా అంతే. అచ్చంగా అంతే" అన్నాను. లేచి నిలబడ్డానని తర్వాత తెలిసింది.

"కూర్చోండి. అక్కడే నాకు దారి మూసుకుపోయింది. రక్తం ఇచ్చింది కొడుకు. కొడుకులో సగం తండ్రి, సగం తల్లి. ఆ తల్లి సగం నూకయ్యకి పరాయిదే. నూకయ్య ఒళ్లు దాన్ని పట్టుకుని రెండు రోజుల్లో తుడిచిపెట్టెయ్యాలి. పుట్టుకతోనే కాపలా లేని పసిపిల్లలకి ఇలా అయిందని అమెరికా పత్రికల్లో చదివాను. నూకయ్య సమ్మెట కొట్టే మనిషి, అతనికి ఎందుకవుతుంది? తల్లి గుర్తు కూడా అతనికి సొంతమైతే తప్ప."

పొద్దున్న దాలమ్మ అన్న మాట చెప్పాను. "దాలమ్మ నూకయ్యకి సొంత అక్క కూతురు. మేనమామనే చేసుకుంది."

తాయారు గారు పెన్సిళ్లు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "పది రోజులుగా దీన్ని పట్టుకుని కూర్చున్నాను. ఆ ఒక్క మాట ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు" అని, కాగితం తిప్పి గబగబా గీసింది. నూకయ్య ఎరుపు, నీలం. దాలమ్మ ఎరుపు, పచ్చ. ఆ ఎరుపు ఇద్దరికీ ఒకే మనిషి నుంచి, దాలమ్మ అమ్మమ్మ నుంచి వచ్చింది. కొడుక్కి తండ్రి ఎరుపిచ్చాడు, తల్లీ ఎరుపే ఇచ్చింది. వెంకటరావు ఎరుపు, ఎరుపు.

"ఇది నేను కోర్టులో నిరూపించలేను రావుగారూ. ఆ గుర్తులు చూసే రసాయనాలు ఈ ఊళ్లో లేవు. కానీ నా మట్టుకు నాకు అనుమానం లేదు. ఐసుపెట్టెలో పడున్న ఆ పరాయి సీసా ఎక్కించి ఉంటే బతికేవాడు."

కేసు తేలిపోయింది. హంతకుడు లేడు. కొడుకు ప్రేమగా ఇచ్చిన రక్తం తండ్రి చర్మాన్ని వొలిచింది. ఇది ఆ కుర్రాడికి ఎలా చెప్పాలి అన్న బాధ ఒక పక్క ఉంది. కానీ నిజం చెప్పాలంటే ఆ నిమిషాన నా మనసంతా మైతీ మొహం మీదే ఉంది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని పదకొండూ ఇరవైఐదుకి బయటపడ్డాను. పదకొండూ ముప్పైఐదుకి నర్సింగ్ హోమ్ ముందు నుంచి నడిచాను. గేటు దగ్గర ఠాణా జీపు ఆగి ఉంది. మైతీ మనుషులు ఇప్పుడు తీరిగ్గా చార్టులు చూడ్డానికి వచ్చారు కాబోలు అనుకుని, వాళ్లకంటే ముందు ఠాణా చేరాలని అడుగులు ఇంకా పెద్దవి వేశాను.

*

మైతీ ఈసారి నవ్వలేదు. నేను గమనించలేదు. ఎమిలీ నకలు అతని బల్ల మీద పరిచాను.

"పదకొండు, సాయంత్రం నాలుగు, జ్వరం. పదమూడు, పన్నెండున్నర, మొదటి గంజి. దాలమ్మ వేలిముద్ర. నలభై నాలుగున్నర గంటలు మైతీ బాబూ. గంజి కంటే ముందే నూకయ్య చావడం మొదలుపెట్టాడు. నీ పొయ్యి కింద డబ్బా నువ్వే ఉంచుకో, ఠాణా పెరట్లో గడ్డి పెరిగింది."

అతను రెండుసార్లు చదివాడు. "ఠీక్ హై" అన్నాడు మెల్లగా. "ఒప్పుకున్నాను. నేను తప్పు చేసినాను."

గెలిచాను. ఇంత తొందరగా గెలిచినందుకు కాస్త నిరాశ కూడా కలిగింది. "అయితే ఆవిడ్ని తీసుకురా."

"ఆమె ఇక్కడ లేదు నగర్ బాబూ."

"ఏం చేశావ్?"

"పదీ ఇరవైకి పడిపోయింది. సెంట్రీ తలుపు తీసి చూస్తే చాప అంతా రక్తం. ఆడవాళ్ల రక్తస్రావం. మంగళవారం నుంచి ఆగకుండా పోతాందట. మేం నలుగురం మగాళ్లం, ఎవరికి చెప్తాది? గుడ్డ ముక్క కూడా అడగలేదు" అన్నాడు మైతీ.

ఎవరికీ చెప్పలేదా? నాకు చెప్పబోయింది. పొద్దున్న ఆవిడ లేవకపోవడం, కుచ్చెళ్లు లాక్కోవడం, ఆడ కానిస్టేబులు గురించి అడగడం, మూడూ నా కళ్ల ముందే జరిగాయి. అనుభవం ఉన్న డిటెక్టివ్‌ని.

"ఎక్కడుంది?"

"ఖరిదా నర్సింగ్ హోమ్. దగ్గర అదే కదా. నేనే జీపులో పడుకోబెట్టి తీసుకెళ్లినాను. నాడి దొరకట్లేదు, బేగి రక్తం కావాలన్నాడు డాక్టరు. బ్యాంకు నుంచి సీసా రావాలంటే గంట. అప్పుడు నాకే ఆలోచన వచ్చింది. మా జీపు వర్క్‌షాపుకి పంపి కొడుకుని రప్పించినాను. మంచి కుర్రాడు, ఒక్క మాట అనలేదు, షర్టు చెయ్యి మడిచినాడు. నేను మరీ అంత చెడ్డ మనిషిని కాదు నగర్ బాబూ."

నేను జేబులోంచి తాయారు గారి కాగితం తీశాను. ఇంతసేపూ నూకయ్య గీతలే చూశాను. ఇప్పుడు దాలమ్మ గీతలు చూశాను. ఎరుపు, పచ్చ. కొడుకు ఎరుపు, ఎరుపు. ఆవిడ ఒళ్లు కొడుకు రక్తాన్ని పరాయిదనుకోదు. ఆ రక్తానికి మాత్రం ఆవిడలోని పచ్చ అంతా పరాయిదే.

"ఫోన్" అన్నాను. "ఆపమని చెప్పు. ఆ సీసా ఆపమని చెప్పు!"

మైతీ కారణం అడగలేదు. అందుకు అతనికి నేను ఋణపడి ఉన్నాను. లైను ఎంగేజ్. మళ్లీ తిప్పాడు. ఎంగేజ్. జీపు ఇంకా నర్సింగ్ హోమ్ దగ్గరే ఉంది. ఎవరిదో సైకిలు లాక్కుని, నన్ను వెనక కూర్చోబెట్టుకుని, అంత లావు మనిషి యూనిఫారంలో తొక్కాడు.

*

పన్నెండూ పదికి గది తలుపు తోశాను. స్టాండుకి సీసా వేలాడుతోంది. ఖాళీ. ఎమిలీ సూది తీసి దూది అద్దుతోంది.

దాలమ్మ కళ్లు తెరిచి ఉంది. పొద్దున్న తెల్లగా ఉన్న పెదవుల మీద రంగు వచ్చింది.

"నన్ను ఒగ్గేసినారు కదా బావూ. ఇన్‌స్పెక్టరు మొహం సూస్తేనే తెలిసిపోనాది" అంది. నవ్వింది కూడా.

నేను ఎమిలీని బయటికి పిలిచి రక్తం పుస్తకం అడిగాను. ఇచ్చినవాడు, వెంకటరావు, పదకొండూ పదిహేను. ఎక్కించడం మొదలు, పదకొండూ నలభై.

పదకొండూ ముప్పైఐదుకి నేను ఈ గేటు ముందున్నాను. జేబులో కాగితం ఉంది. జీపు కనబడింది. లోపలికి వచ్చి ఎవరి కోసం అని అడగడానికి ఒక నిమిషం. ఆ నిమిషం నేను మైతీ మొహం చూడ్డానికి దాచుకున్నాను. పద్దెనిమిదేళ్లు టైములు లెక్కపెట్టి బతికినవాణ్ణి, ఆ ఐదు నిమిషాలు ఇక చచ్చేదాకా లెక్కపెడతాను.

తాయారు గారికి ఫోన్ చేశాను. చెప్పిందంతా విన్నాక ఒకటే అడిగింది.

"ఎంత ఎక్కింది?"

"అంతా. సగంలో ఆపి ఉంటే?"

"చెంచాడు చాలు రావుగారూ. అవి లోపల పెరుగుతాయి." అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది. "కాన్సరుకి వాడే మందొకటి ఉంది, కలకత్తాలో దొరుకుతుంది. జ్వరం రాకముందే మొదలుపెట్టాలి. ఎలుకల్లో వాడి చూశాం."

"బతికాయా?"

"ఇరవైకి మూడు."

మందు పేరు రాసుకున్నాను. నా భుజం మీంచి చూస్తున్న మైతీ ఆ కాగితం నా చేతిలోంచి తీసుకున్నాడు. "నేను తెస్తాను. ఇప్పుడే బండి ఉంది" అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. అతని వెనక చొక్కా అంతా చెమట.

వరండాలో బల్ల మీద వెంకటరావు కూర్చుని ఉన్నాడు. చేతిలో పాలగ్లాసు. నన్ను చూసి లేవబోయాడు.

"అమ్మకి రంగొచ్చినాది, సూసినారా బావూ? సాయంత్రం ఇంకో సీసా కావాలన్నారు. బ్యాంకుది వద్దన్నాను. నానున్నాను కదా."

ఎమిలీ గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది. ఆవిడకి కూడా ఇంకా ఎవరూ చెప్పలేదు. నేను వాడి పక్కన కూర్చున్నాను.

"ఇంకో సీసా నువ్వు ఇవ్వకూడదు వెంకటరావూ."

"ఏటి బావూ? నాకేటీ కాలేదు. బాగున్నాను."

"నువ్వు బాగానే ఉన్నావు. మీ నాన్నకి నువ్విచ్చిన రక్తం గురించి చెప్పాలి. పూర్తిగా విను."

చెప్పాను. ఎలుకలూ రంగులూ వదిలేసి, వాళ్ల అమ్మ, వాళ్ల నాన్న, వాళ్ల ముసలమ్మ పేర్లతోనే చెప్పాను. రక్తం ఎక్కిన ఎనిమిదో రోజున జ్వరం మొదలవుతుందనీ చెప్పాను. వాడు పాలగ్లాసు కింద పెట్టాడు. తలుపు అవతల దాలమ్మ ఎవరినో మంచినీళ్లు అడుగుతోంది.

వాడి పెదవులు కదిలాయి. వాడు వేళ్లు మడుస్తున్నాడు. ఇవాళ గురువారాన్ని కలుపుకుని ఒక్కొక్కటే మడిచి, ఎనిమిదో వేలు దగ్గర ఆగాడు.

"వచ్చే గురువారం" అన్నాడు.